మిగిలిన టపాకాయలను ఇంట్లో ఎలా ఉంచాలి, ఎప్పుడు నీళ్ళలో ముంచాలి

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళలో దీపావళి తరువాత టపాకాయలు మిగలడానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. తమిళులకు దీపావళి అంటే నరక చతుర్దశి తెల్లవారుజాము. నూనె అంటుకుని తలస్నానం చేసి, పొద్దు పొడిచేసరికి కాల్చడం మొదలుపెడతారు. మనకు అసలు పండుగ అమావాస్య సాయంత్రం. దివిటీలు కొట్టి, కాళ్ళు కడుక్కుని, తీపి తిన్న తరువాతే పిల్లల చేతికి కాకరపువ్వొత్తులు ఇస్తాము. ఇరుగుపొరుగు పిల్లలతో పొద్దున ఒక విడత, మన ఆనవాయితీ ప్రకారం సాయంత్రం మరొక విడత అనుకుని రెండింటికీ సరిపడా కొంటాము. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత తమిళనాడు ప్రభుత్వం దీపావళి రోజున పొద్దున 6 నుంచి 7 వరకు, రాత్రి 7 నుంచి 8 వరకు మాత్రమే కాల్చడానికి అనుమతి ఇస్తూ వస్తోంది. ఆ రెండు గంటలలో ఒకటి తమిళుల ఐప్పసి నెల వానకు పోయిందంటే, తీవుత్తిడల్ మైదానంలోని టపాకాయల దుకాణాల నుంచి మోసుకొచ్చిన పెట్టెలో సగం అలాగే ఉండిపోతుంది. ఆ సగం పెట్టె మరుసటి రోజు అటక ఎక్కి, వచ్చే ఏడాది దీపావళి దాకా అక్కడే ఉంటుంది.

ఈ వ్యాసం ఆ సగం పెట్టె గురించి. పాత చీరలను ఎత్తిపెట్టినట్టు దానిని ఎత్తిపెట్టకూడదు. లోపల ఉన్నది తుపాకి మందు, లేదా దాని దాయాది. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిస్తే తుపాకి మందు అవుతుంది. చిచ్చుబుడ్డిలోనూ తారాజువ్వలోనూ దానికి లోహపు పొడులు తోడవుతాయి. ఈ మిశ్రమానికి కావలసిన ప్రాణవాయువు పెట్లుప్పులోనే ఉంటుంది కాబట్టి అది మండడానికి బయటి గాలి అవసరం లేదు. అందుకే కాలుతున్న టపాకాయ మీద దుప్పటి కప్పినా, మూత పెట్టినా ఆరదు. పైగా మూసిన చోట మండితే పుట్టిన వాయువుకు దారి లేక పేలుతుంది. తరువాత చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉన్నాయి.

మొదట చేయవలసిన పని పెట్టెను నేల మీద దించి, పగటి వెలుతురులో, ఫ్యాను ఆపి, పిల్లలను వేరే గదికి పంపి, ఉన్నవాటిని వేరు చేయడం. దీపం కింద గానీ, పొయ్యి ఉన్న గదిలో గానీ ఈ పని చేయకండి. పక్కన సగం నిండిన నీళ్ళ బకెట్టు పెట్టుకోండి. నూలు బట్టలు కట్టుకోండి. సిల్కు, పాలియెస్టరు బట్టలు రాపిడికి చిటచిటలాడడం మీరు గమనించే ఉంటారు, ఆ చిన్న నిప్పురవ్వ ఇక్కడ అవసరం లేదు. వేరు చేసేటప్పుడు మీకు రెండు కుప్పలు మాత్రమే కావాలి. ఒకటి ఉంచుకోదగినవి, రెండవది నీళ్ళలో ముంచవలసినవి. "చూద్దాంలే" అనే మూడవ కుప్పకు చోటు ఇవ్వకండి. ఇంట్లో ప్రమాదాలు ఆ కుప్ప నుంచే వస్తాయి.

ఉంచుకోదగినవి ఏవంటే, కంపెనీ పెట్టె చిరగకుండా, ఒత్తి చెక్కుచెదరకుండా, చేతికి పొడిగా తగిలేవి. ఒక కాకరపువ్వొత్తిని కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. మంచి ఒత్తి మీద మందు బూడిదరంగులో నున్నగా, తీగకు గట్టిగా అంటుకుని ఉంటుంది. చెమ్మ పట్టిన ఒత్తి మీద ఉప్పు పూసినట్టు తెల్లని పొర కనిపిస్తుంది, అక్కడక్కడ మందు పగిలి తీగ బయటపడుతుంది, వేలితో తాకితే పెచ్చు ఊడుతుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ ప్యాకెట్టు మొత్తం రెండవ కుప్పలోకి వెళ్ళాలి. చిచ్చుబుడ్డిని తిరగేయకుండా అడుగు చూడండి. మట్టి బిరడా బీటవారి, పెట్టె మూలలో మెరిసే సన్నని పొడి రాలి ఉంటే అదీ ముంచవలసినదే. ఒత్తి ఊడిపోయినవి, ఒకసారి వెలిగించినా పేలనివి, పేరూ ఊరూ లేని కాగితపు పొట్లాలు, రెండేళ్ళ కిందటివి, ఇవన్నీ ఆలోచించకుండా అటువైపు పెట్టండి. మొదట చెప్పిన 2018 తీర్పులోనే బేరియం లవణాలు వాడిన బాణసంచాను, సరాలుగా అల్లిన సీమటపాకాయలను కూడా కోర్టు నిషేధించింది కాబట్టి, అంతకు ముందటి సరుకు ఇంట్లో ఉంటే దానిని దాచడంలో అర్థం లేదు.

రాలిన మందును ఏం చేయాలో కొంత వివరంగా చెప్పాలి. చీపురుతో ఊడ్చకండి, వాక్యూమ్ క్లీనరు దగ్గరికి రానివ్వకండి. రాపిడి ఒకటి, మోటారులోని నిప్పురవ్వ మరొకటి, రెండూ ముప్పే. పాత నూలు గుడ్డను బాగా తడిపి, రుద్దకుండా అద్ది తీసి, గుడ్డతో సహా బకెట్టులో వేయండి. విడి మందును సీసాలో గానీ, డబ్బాలో గానీ, పొట్లం కట్టి గానీ ఏ పరిస్థితిలోనూ దాచకూడదు. పేలని టపాకాయలను విప్పి మందంతా ఒక కాగితం మీద పోసి వెలిగించడం మన ఊళ్ళలో పిల్లలకు పాత ఆట. కాగితం గొట్టంలో బిగించి ఉన్నప్పుడు ఒత్తి కాలేంత సేపు మనిషికి వెనక్కి జరిగే వ్యవధి దొరుకుతుంది. విడిగా పోసినప్పుడు ఆ వ్యవధి ఉండదు, ముఖం దాని మీదే వంగి ఉంటుంది. పదేళ్ళు దాటిన పిల్లలు ఉన్న ఇంట్లో ఈ మాట ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి తీరాలి.

ఇదే చోట ఉల్లిపాయ బాంబుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కోస్తా జిల్లాల నుంచి పండుగకు వచ్చే బంధువులు అవి తెచ్చే అవకాశం ఉంది. వాటికి ఒత్తి అక్కరలేదు, నేలకు కొడితే పేలుతాయి. అంటే కిందపడినా, కుదుపు తగిలినా పేలుతాయి. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటరు మీద వీటిని తీసుకువెళ్తుండగా కుదుపుకు పేలి ఒక మనిషి అక్కడికక్కడే చనిపోయారు. ఇవి ఇంట్లో ఉన్నట్టు తెలిస్తే వేరు చేయడం, నీళ్ళలో ముంచడం వంటివి మీరు తలపెట్టకండి. ముట్టుకోకుండా, అందరినీ ఆ గది నుంచి బయటికి పంపి, 112కు ఫోను చేయండి. తాతల నాటి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ట్రంకు పెట్టెలో నాటు తుపాకి మందు, పాత తూటాలు బయటపడినా చేయవలసింది ఇదే. అప్పగించడానికి భయపడే వాళ్ళను నేను చూశాను. దాచి ఉంచినందుకు వచ్చే చిక్కు, పిలిచి చూపించినందుకు వచ్చే చిక్కు కంటే ఎప్పుడూ పెద్దదే.

ఇప్పుడు ఉంచుకునే కుప్ప దగ్గరికి వద్దాము. దీనికి ముందుగా ఒక తేదీ పెట్టండి. మన పద్ధతిలో మిగిలిన టపాకాయలకు నాగుల చవితి అనే సహజమైన గడువు ఉంది. అమావాస్య దాటిన నాలుగవ రోజు పుట్టలో పాలు పోసి వచ్చాక పిల్లలు ఆ నాలుగూ కాల్చడం మా నెల్లూరు వైపు మామూలు. అది కుదరకపోతే కార్తిక పౌర్ణమి. ఆ రోజులలో మీ పేటలో కాల్చడానికి ఏ వేళకు అనుమతి ఉందో ముందుగా పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోండి. తమిళుల కార్తిగై దీపం కొన్నేళ్ళు మన పౌర్ణమికి దగ్గరలో వస్తుంది, కొన్నేళ్ళు మరో నెలకు జరుగుతుంది కాబట్టి దానిని గడువుగా పెట్టుకోకపోవడం మేలు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "టపాకాయలు, కార్తిక పౌర్ణమి వరకు" అని తెలుగులోనూ, తమిళంలోనూ రాయండి. పనికి వచ్చే అమ్మాయికి, అటక శుభ్రం చేసే మనిషికి అందులో ఏముందో తెలియాలి. భోగి దాకా మాత్రం ఉంచకండి. పాత సామాను అంతా మంటలో వేసే రోజున, పాత అట్టపెట్టె అనుకుని ఎవరో దీనిని కూడా వేస్తారు.

పెట్టె ఎలాంటిదై ఉండాలన్న విషయంలో చాలామంది పొరపాటు పడతారు. చెమ్మ తగలకూడదని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, పాత ప్రెషర్ కుక్కరులో, గాజు జాడీలో పెడతారు. మొదట చెప్పిన విషయం గుర్తు చేసుకోండి: మూసిన చోట మండితే పేలుతుంది, పేలితే స్టీలూ గాజూ ముక్కలై నలువైపులా ఎగురుతాయి. టపాకాయలను వాటి అసలు కంపెనీ పెట్టెలలోనే ఉంచి, ఆ పెట్టెలను మందపాటి అట్టపెట్టెలో సర్ది, మూత మడిచి పెట్టండి. టేపుతో బిగించి చుట్టకండి. పాలిథిన్ కవరు లోపల చెమ్మ నిలుస్తుంది, రాపిడికి విద్యుత్తు పుడుతుంది, కాబట్టి దాని బదులు పాత దినపత్రికలు పరచండి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేస్తే చెన్నై గాలిలోని తేమను కొంత పీల్చుకుంటాయి. బొమ్మ తుపాకి రీళ్ళు, అగ్గిపెట్టెలు ఈ పెట్టెలో ఉండకూడదు; రీలు దెబ్బకే పేలేది, అగ్గిపుల్ల రాపిడికే అంటుకునేది. మొత్తం సరుకు ఒక మనిషి రెండు చేతులతో హాయిగా ఎత్తగలిగే చిన్న పెట్టెకు మించుతోందంటే, మించినదంతా ముంచే కుప్పలోకి పోవాలి.

ఎక్కడ పెట్టాలన్నది ఫ్లాటులో నిజంగా కష్టమైన ప్రశ్న. వంటగది, పూజగది మొదటే కొట్టివేయండి. పడకగది వద్దు. ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న మూల వద్దు. బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వెలువడుతుంది. ఏసీ బయటి యంత్రం ఉన్న బాల్కనీ వద్దు, పక్కింటి వాళ్ళ జువ్వ వచ్చి పడేది కూడా అక్కడే. పై అంతస్తు ఫ్లాటులో అటక నేరుగా మేడ కప్పు కింద ఉంటుంది కాబట్టి మధ్యాహ్నపు వేడంతా దానికే తగులుతుంది. కారు డిక్కీ మరీ ప్రమాదం. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి తెలియనిది కాదు, అక్కడే పెట్రోలు కూడా ఉంటుంది. వేళచ్చేరి వంటి పల్లపు పేటలలో కింది అంతస్తు వాళ్ళు నేల మీద పెట్టకూడదు. 2015 లో దీపావళి నవంబరు 10న వస్తే, మూడు వారాలకే ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి.

మిగిలేది తక్కువ వాడే గదిలో, నీడ పట్టున ఉన్న గోడకు, లోపల ప్లగ్గు గానీ తీగలు గానీ లేని చెక్క అలమర. ఛాతీ ఎత్తు అరలో పెట్టి తాళం వేయండి. అంతకంటే ఎత్తున పెడితే దించేటప్పుడు జారుతుంది, తక్కువగా పెడితే పిల్లలకు అందుతుంది. ఆ అలమర ఇంటి వాకిలికి వెళ్ళే దారిలో ఉండకూడదు. అంటుకున్నప్పుడు మీరు బయటికి పరుగెత్తవలసింది ఆ దారినే. అదే అలమరలో కర్పూరం, శానిటైజరు, పెయింటు థిన్నరు, సెంటు సీసాలు ఉంటే ముందు వాటిని తీసేయండి. సొంత ఇల్లు, పెరడు ఉన్నవాళ్ళు ఇంటికి దూరంగా తాళం వేసిన చిన్న గదిలో పెట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. మీ ఇంట్లో ఇలాంటి చోటు ఒక్కటీ లేకపోతే ఉంచుకునే ఆలోచన వదిలి, అన్నీ ముంచేయండి.

అపార్టుమెంట్లలో ఒక అలవాటు ఉంది, దాని గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. అందరి ఇళ్ళలో మిగిలినవి పోగుచేసి, మెట్ల కింద కరెంటు మీటర్ల పక్కన గానీ, వాచ్‌మన్ గదిలో గానీ పెడతారు. మెట్లు మంట వచ్చినప్పుడు అందరూ దిగవలసిన దారి. వాచ్‌మన్ గది అంటే ఒక కుటుంబం వండుకుని, తిని, పడుకునే ఇల్లు. మన గదిలో వద్దనుకున్న ప్రమాదాన్ని ఆయన పిల్లల తల పక్కన పెట్టడం అన్యాయం. సెల్లారులో ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జి అవుతున్నాయి, అక్కడా కూడదు. పది ఇళ్ళ సరుకు ఒకచోట చేరితే అది ఇంటి నిలవ కాదు, గోదాము అవుతుంది. గోదాములో నిప్పు పడితే ఏమవుతుందో 2023 అక్టోబరు 7న బెంగళూరు శివార్లలోని అత్తిబెలెలో చూశాము. లారీ నుంచి టపాకాయలు దించుతుండగా అంటుకుని, పద్నాలుగు మందికి పైగా చనిపోయారు.

చెమ్మ పట్టినవాటిని ఆరబెట్టడం మీదికి వస్తాను. పండుగకు ముందు చాటలలో టపాకాయలు ఎండబెట్టడం మా చిన్నప్పుడు ప్రతి ఇంటా చేసిన పనే. ఒక ఏడాది మా తమ్ముడు వానకు మెత్తబడిన కాకరపువ్వొత్తుల ప్యాకెట్టును వెచ్చగా ఉంటుందని పొయ్యి గట్టు మీద పెట్టాడు. ఒక్క ఒత్తి అంటుకుంటే మిగిలినవన్నీ ఒకేసారి అంటుకున్నాయి. లాగి పడేయబోయిన చేతికి తగిలిన ఆ మచ్చ నలభై ఏళ్ళ తరువాత కూడా ఉంది. కాకరపువ్వొత్తి వేడి వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు పైమాట అని అప్పుడు మాకు తెలియదు. తడిసి ఆరిన మందు మునుపటిలా ఉండదు; అందులోని ఉప్పులు కరిగి వేరే చోట పేరుకుంటాయి, కొన్నిటిలో లోహపు పొడి తడితో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది. ఒత్తి ఎప్పుడు తుస్సుమంటుందో, ఎప్పుడు ఒక్కసారిగా అంటుకుంటుందో చెప్పలేము. కాబట్టి ఎండలో గానీ, పొయ్యి దగ్గర గానీ, హెయిర్ డ్రయ్యరుతో గానీ ఆరబెట్టకండి. ఒకసారి తడిసినదాన్ని పూర్తిగా తడిపేయడమే దారి.

ముంచడానికి వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, మేడ మీద గానీ, పెరట్లో గానీ, గాలి ఆడే చోట పెట్టి నిండా నీళ్ళు పోయండి. వెలిగించినా పేలనివి ఉంటే కనీసం 20 నిమిషాలు దూరంగా వదిలేసి, ముందు దూరం నుంచి నీళ్ళు పోసి, ఆ తరువాతే చీపురు కర్రతో టబ్బులోకి తోయండి. పైన ప్లాస్టిక్ కవరు ఉంటే తీసేయండి గానీ, టపాకాయను కోయకండి, విప్పకండి, గుచ్చకండి. తేలేవాటి మీద జల్లెడ బోర్లించి రాయి పెడితే మునుగుతాయి. టబ్బుకు మూత పెట్టవద్దు. అల్యూమినియం పొడి నీళ్ళతో కలిసినప్పుడు వాయువు పుడుతుంది, అది పైకి పోవాలి. కాకరపువ్వొత్తులు, సీమటపాకాయలు ఒక రోజు నానితే చాలు, మట్టి చిచ్చుబుడ్లకు, తాడు చుట్టిన బాంబులకు రెండు రోజులు కావాలి. ఆ రెండు రోజులూ మేడ తలుపుకు తాళం వేసి ఉంచండి, పిల్లలూ పావురాలూ నీళ్ళనుకుని దగ్గరికి పోకుండా చూడండి.

నానిన తరువాత చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, తడిగానే, నీళ్ళు మాత్రం ఓడ్చి, రెండు ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టండి. ఇక్కడ ప్లాస్టిక్ అవసరం, ఎందుకంటే దారిలో ఆరిపోకూడదు. దీనిని మామూలు చెత్తలో కలపకండి. చెన్నై కార్పొరేషన్ దీపావళి చెత్తను విడిగా సేకరించి గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతుంది. పొద్దున వచ్చే పారిశుధ్య కార్మికురాలికి సంచిలో ఏముందో నోటితో చెప్పి, విడిగా అప్పగించండి. ఆమె చేత్తో కలబెట్టే చెత్త అది. బెంగళూరులో ఉన్నవాళ్ళు కూడా తడి చెత్త, పొడి చెత్తలలో కలపకుండా బండి వాళ్ళకు చెప్పి ఇవ్వాలి. మిగిలిన నీళ్ళలో కరిగిన ఉప్పులు ఉంటాయి కాబట్టి తులసి కోటలో, మొక్కలకు, బావి గట్టున పోయకండి. చెన్నైలో వర్షపు నీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి, మేడ నీళ్ళన్నీ ఇంకుడు గుంతలోకే పోతాయి. అందుకే ఆ నీళ్ళను మేడ మీద పారబోయకుండా బకెట్టులో కిందికి దించి, ఇంటి మురుగు కాలువలో కొద్దికొద్దిగా పోయండి.

ఊరికి వెళ్తున్నాము కదా, పిల్లలకు తీసుకెళ్దామని సెంట్రల్‌లో రైలు ఎక్కే ఆలోచన ఉంటే మానుకోండి. రైలులో బాణసంచా తీసుకువెళ్ళడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద నేరం, మూడేళ్ళ వరకు జైలు. బస్సు లగేజీలో, కొరియరులో పంపడమూ అంతే ప్రమాదం. నెల్లూరు పిల్లలకు నెల్లూరులోనే కొనిపెట్టండి.

ఇన్ని చేసినా పెట్టె అంటుకుంటే ఆర్పడానికి ఆగకండి. గదిలోని మనుషులను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, మెట్ల మీదుగా దిగి 101కి గానీ 112కు గానీ ఫోను చేయండి. లోపల టపాకాయలు ఉన్నాయని మొదటి వాక్యంలోనే చెప్పండి, లోపలికి వచ్చే ఫైర్ సిబ్బందికి అది తెలియాలి. చేయి కాలితే 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి. ఐసు, సిరా, టూత్‌పేస్టు, నెయ్యి పూయకండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయండి. పెద్ద కాలిన గాయాలకు చెన్నైలో కీళ్పాక్కం ప్రభుత్వ ఆసుపత్రిలో, బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రిలో ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. కంటికి తగిలితే రుద్దకుండా, నొక్కకుండా, కాగితపు కప్పు లాంటిది పైన అడ్డుగా పెట్టి చెన్నైలో ఎగ్మూరు కంటి ఆసుపత్రికి, బెంగళూరులో మింటో ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయకండి.

చివరిగా, పెట్టె మీద రాసిన తేదీని మీ ఫోనులో కూడా పెట్టుకోండి. కార్తిక పౌర్ణమి మరుసటి రోజు పొద్దున అలమర తెరిచి చూసి, ఏమైనా ఉంటే అదే రోజు టబ్బులో వేయండి. అర మీద పరిచిన దినపత్రికలను కూడా తీసి నీళ్ళలోనే వేయండి, వాటి మడతలలో రాలిన మందు ఉంటుంది. అరను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆ గుడ్డనూ టబ్బులో వేసిన తరువాతే అలమరలో వేరే సామాను పెట్టండి.